ఒకే శకుంతల, మూడు తీర్పులు: పెయింటింగ్‌ను విమర్శించడం ఎలా నేర్చుకోవాలి?

క్లుప్తంగా: బొమ్మ బాగుందనో బాగాలేదనో ఎవరైనా అనగలరు. అలా ఎందుకు అనిపించిందో ఆ బొమ్మలోనే వేలుపెట్టి చూపించగలిగితే అది విమర్శ అవుతుంది. రాజా రవివర్మ శకుంతల చిత్రాల మీద 1876 నుంచి 1990ల దాకా ఒకదానికొకటి పొసగని తీర్పులు వచ్చాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివితే ఎవరు ఏ కొలబద్ద వాడారో, అది ఎంతవరకు పనికొచ్చిందో బయటపడుతుంది. చూడటం నేర్చుకునేవారికి ఇది చాలా మంచి పాఠం.

2025 మార్చిలో న్యూయార్క్‌లో జరిగిన క్రిస్టీస్ వేలంలో ఎం.ఎఫ్. హుసేన్ 1954లో వేసిన 'గ్రామయాత్ర' సుమారు 1.38 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. మన డబ్బుల్లో దాదాపు 118 కోట్ల రూపాయలు. దాదాపు 14 అడుగుల పొడవు, పల్లె జీవితాన్ని చూపించే 13 చిన్న దృశ్యాలు, దశాబ్దాల పాటు నార్వేలోని ఓస్లో ఆసుపత్రిలో ఉండిపోయిన చరిత్ర: ఈ వివరాలన్నీ వార్తల్లో వచ్చాయి. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ చాలామందికి వచ్చే సందేహం ఒక్కటే. "ఇంతకీ ఆ బొమ్మలో ఏముంది?" ఆ ప్రశ్నకు వార్తల్లో జవాబు దొరకదు. అది చూసేవాళ్ళే వెతుక్కోవాలి. ఎలా వెతకాలో మన బడుల్లో నేర్పరు. పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం, అలంకారం చెప్పించే చదువులో బొమ్మ ముందు నిలబెట్టి "ఏం కనిపిస్తోంది?" అని అడిగే పీరియడ్ దాదాపు లేదు.

## ధర చెప్పేది వేరు

ముందు ధరను పక్కన పెట్టాలి. ధర అబద్ధమని కాదు, అది చెప్పే సంగతులు వేరు. 1972 నాటి పురావస్తువుల, కళాసంపద చట్టం కింద రవివర్మ, అమృతా షేర్‌గిల్, నందలాల్ బోస్ వంటి కొద్దిమంది చిత్రకారుల పనులను జాతీయ కళాసంపదగా గుర్తించారు. మన దేశంలో ఉన్న వాళ్ళ చిత్రాలను అమ్మకం కోసం విదేశాలకు పంపడానికి వీల్లేదు. కాబట్టి వాటికోసం పోటీ ప్రధానంగా దేశంలోనే జరుగుతుంది. షేర్‌గిల్ 1937లో వేసిన 'స్టోరీ టెల్లర్' 2023లో ఢిల్లీ వేలంలో 61.8 కోట్లు పలికింది. హుసేన్ ఆ జాబితాలో లేరు. పైగా ఆయన చిత్రం అప్పటికే విదేశంలో ఉంది. ప్రపంచంలో ఎక్కడి కొనుగోలుదారైనా దానికోసం పోటీ పడవచ్చు. ఈ రెండు అంకెలను పక్కన పెట్టి హుసేన్ షేర్‌గిల్ కన్నా రెండింతల గొప్పవారని ఎవరూ అనలేరు. చట్టం, చేతులు మారిన చరిత్ర, అమ్మకానికి దొరికే చిత్రాల సంఖ్య, ఆ రోజు గదిలో ఉన్న పట్టుదల, ఇవన్నీ కలిస్తే ధర. వీటిలో ఏదీ గీతకు, రంగుకు, కూర్పుకు సంబంధించినది కాదు.

ధరను తీసేస్తే మిగిలేది కళ్ళ ముందున్న బట్ట, దాని మీద రంగు. అక్కడి నుంచి విమర్శ ఎలా నడుస్తుందో తెలియాలంటే రవివర్మ దగ్గరికి వెళ్ళాలి. తెలుగు ఇళ్ళలో లక్ష్మి, సరస్వతి పటాల రూపంలో ఆయన చేయి తగలని గోడ అరుదు. ఆయన మీద వచ్చినన్ని పొగడ్తలు, ఆయన పడినన్ని మాటలు మరే భారతీయ చిత్రకారుడూ పడి ఉండరు.

## మొదటి తీర్పు: అచ్చం నిజంలా ఉంది

రవివర్మ 1848లో తిరువాన్కూరు ప్రాంతంలోని కిళిమానూరులో పుట్టారు. 1873లో వియన్నా ప్రదర్శనలో బహుమతి వచ్చింది. 1876లో మద్రాసు ప్రదర్శనకు పంపిన 'శకుంతల పత్రలేఖనం' చిత్రాన్ని అప్పటి మద్రాసు గవర్నర్ డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ కొన్నారు. సంస్కృత పండితుడు మోనియర్ విలియమ్స్ చేసిన కాళిదాసు శాకుంతలం ఇంగ్లిష్ అనువాదానికి అదే చిత్రం ముఖచిత్రమైంది. 1893లో చికాగో ప్రదర్శనకు 10 చిత్రాలు పంపి పతకాలు అందుకున్నారు.

ఆ రోజుల్లో పొగడ్త అంతా ఒకే గుణం చుట్టూ తిరిగింది: పోలిక. పట్టుచీర పట్టుచీరలాగే మెరుస్తోంది, నగ నగలాగే ఉంది, మనిషి ఒంట్లో బరువుంది. యూరప్ తైలవర్ణ పద్ధతిని ఒక భారతీయుడు ఇంత చక్కగా పట్టుకున్నాడే అన్న ఆశ్చర్యం అందులో కలిసి ఉంది. ఇది తప్పు తీర్పు కాదు. అయితే చిత్రకారుడు ఏది సాధించాడో చెప్పి అక్కడ ఆగిపోయిన తీర్పు. ఆ నేర్పును దేనికోసం వాడాడో అది అడగలేదు.

ఈ రోజుకీ కొత్తగా బొమ్మలు చూసేవారు ఈ మెట్టు మీదే ఆగుతారు. "ఫోటోలా ఉంది" అన్నది మన దగ్గర అతి పెద్ద మెచ్చుకోలు. ఈ కొలబద్ద ఒక్కటే చేతిలో ఉంటే చేర్యాల నకాషీ పటం ముందు, కలంకారీ బట్ట ముందు, లేపాక్షి పైకప్పు ముందు నిలబడినప్పుడు నోట మాట రాదు. అవి ఫోటోలా ఉండాలని ప్రయత్నించనే లేదు కదా!

## రెండో తీర్పు: ఇందులో భారతీయత లేదు

1905లో బెంగాల్ విభజన, స్వదేశీ ఉద్యమం. ఆ వేడిలో కళను చూసే కళ్ళు మారాయి. 1907లో వివేకానందుని శిష్యురాలు సిస్టర్ నివేదిత 'మోడరన్ రివ్యూ' పత్రికలో కళకు, జాతీయతకు ఉన్న సంబంధం గురించి రాస్తూ, ప్రతి ఇంట్లోనూ కనిపిస్తున్న ఒక బొమ్మను తీవ్రంగా తప్పుపట్టారు. నేల మీద బారుగా పడుకుని తామరాకు మీద ఉత్తరం రాస్తున్న ఆడపిల్ల బొమ్మ అది. చిత్రకారుడి పేరు ఎత్తకపోయినా అది రవివర్మ 'శకుంతల పత్రలేఖనం' అని అందరికీ తెలుసు. నిజ జీవితంలో మర్యాద కాదనుకునే భంగిమ బొమ్మలోకి వచ్చేసరికి అందమెలా అవుతుందన్నది ఆమె వాదన సారం. కళా చరిత్రకారుడు ఆనంద కుమారస్వామి కూడా ఆ కాలంలోనే రవివర్మ పురాణ చిత్రాలు నాటకీయంగా ఉన్నాయనీ, వాటిలో ఊహ, భారతీయ భావన లోపించాయనీ రాశారు. బెంగాల్ చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ వేసిన 'భారతమాత' అప్పటికి దీనికి ఎదురుగా నిలబెట్టదగిన నమూనాగా కనిపించింది.

మొదటి తీర్పు నైపుణ్యాన్ని చూస్తే రెండోది ప్రయోజనాన్ని చూసింది. ఈ బొమ్మ జాతిని మేల్కొలుపుతోందా? దీని మూలం ఇక్కడిదా, బయటిదా? ఈ ప్రశ్నలకూ విలువ ఉంది. ఒంటి మీద వెలుగు ఆడుతుండగా పడుకుని ఉన్న స్త్రీ యూరప్ తైలవర్ణ చిత్రాల్లో ఎప్పటినుంచో ఉన్న మూర్తి. రవివర్మ శకుంతలలో దాని ఛాయ ఉందన్న పరిశీలన నిలబడుతుంది. కానీ "బయటి నుంచి వచ్చింది" అన్న పరిశీలన నుంచి "కాబట్టి చెడ్డది" అన్న నిర్ణయానికి వెళ్ళే మధ్య ఒక మెట్టు ఉంది. విమర్శ ఆ మెట్టును దాటేయకూడదు. అక్కడే నిలబడి కారణం చెప్పాలి.

## వాళ్ళు చూసింది ఏ శకుంతలను?

నివేదిత వాదనను కాళిదాసు దగ్గర పెట్టి చూస్తే సంగతి ఆసక్తికరంగా మారుతుంది. శాకుంతలం మూడో అంకంలో దుష్యంతుడు చాటు నుంచి చూసేసరికి శకుంతల పూలు పరిచిన రాతి పలక మీద పడుకుని ఉంటుంది. చెలికత్తెలు ఇద్దరూ పక్కన ఉంటారు. చిలుక పొట్టలా మెత్తగా ఉన్న తామరాకు మీద గోటితో అక్షరాలు దిద్దమని ప్రియంవద చెబుతుంది. అంటే పడుకోవడమూ తామరాకూ రవివర్మ కల్పించినవి కావు. అయితే గీతం కట్టడానికి శకుంతల కూర్చుని ఆలోచిస్తుందని నాటకంలో రంగసూచన ఉంది. పడుకున్న క్షణాన్నీ రాసే క్షణాన్నీ ఒకే భంగిమలోకి కలిపింది రవివర్మ.

ఆయన అలా ఎందుకు చేశారన్నది అసలైన విమర్శ ప్రశ్న. నాటకానికి ఒక క్షణం తర్వాత ఇంకో క్షణం ఉంటుంది, బొమ్మకు ఉన్నది ఒక్కటే క్షణం. విరహంలో వాడిపోయిన ఒళ్ళు, మనసులో మాట రాసే చేయి, రెండూ ఒకేసారి కనిపించాలంటే ఏదో ఒకటి సర్దుకోవాలి. ఆ సర్దుబాటు బాగా కుదిరిందని ఒకరు అనవచ్చు. రాసే చేతికన్నా ఒంటి వంపే ఎక్కువ కనిపిస్తోంది కాబట్టి కుదరలేదని ఇంకొకరు అనవచ్చు. ఇద్దరి మాటలోనూ వేలుపెట్టి చూపించడానికి బొమ్మలో చోటుంది. మర్యాద, అమర్యాద అన్న వాదనకు ఆ చోటు లేదు.

ఇక్కడ తరచూ మరుగున పడే విషయం ఇంకొకటుంది. ఇళ్ళలో వేలాడినవి తైలవర్ణ చిత్రాలు కావు, అచ్చు కాగితాలు. 1894లో బొంబాయిలో రవివర్మ ప్రెస్ మొదలైంది, తర్వాత లోనావలా దగ్గరికి మారింది. ఒలియోగ్రాఫ్ పద్ధతిలో ఒక్కో రంగుకు ఒక్కో రాతి మీద బొమ్మ గీసి, కాగితాన్ని వాటి మీద ఒకదాని తర్వాత ఒకటిగా అద్దుతారు. పైన వార్నిష్ పూసి తైలవర్ణంలా కనిపించేట్టు చేస్తారు. మూలచిత్రంలో చెంప మీద వెలుగు నుంచి నీడలోకి కనపడకుండా జారే రంగు అచ్చులో కొన్ని మెట్లుగా విడిపోతుంది. బుగ్గలు ఎర్రబడతాయి, చీర రంగులు గట్టిపడతాయి. రవివర్మను "క్యాలెండర్ బొమ్మ" అని తీసిపారేసినవారిలో చాలామంది తీర్పు చెప్పింది ఈ అచ్చు మీదే. విమర్శకుడు ముందుగా చెప్పుకోవలసింది తను చూసింది మూలమా, ప్రతిరూపమా అన్నది. ఫోన్‌లో చూసే ఈ రోజుల్లో ఆ జాగ్రత్త మరీ అవసరం. 14 అడుగుల 'గ్రామయాత్ర', అరచేతంత మొఘల్ సూక్ష్మచిత్రం, రెండూ తెరమీద ఒకే సైజు అయిపోతాయి. ముందు నిలబడి తల తిప్పుకుంటూ చూడాల్సిన బొమ్మ ఒక పట్టీలా కనిపిస్తే కూర్పు గురించి ఏం చెప్పినా గాల్లో మాటే.

## రంగు ఆరే వేగం

"నాటకీయం" అన్న కుమారస్వామి మాటలో సగం నిందకు మూలం మాధ్యమంలో ఉంది. తైలవర్ణం నెమ్మదిగా ఆరుతుంది. తడి ఆరకముందే ఒక రంగును ఇంకో రంగులోకి కుంచెతో లాగవచ్చు. గుండ్రదనం, బరువు, మెరుపు దానికి సహజంగా వస్తాయి. అలా వేసిన మనుషులు నేల మీద నిలబడతారు, ఒక పక్క నుంచి వెలుగు పడుతుంది, వెనక తెరలా అడవి ఉంటుంది. రంగస్థలం గుర్తుకు రావడంలో వింత లేదు. రవివర్మకు తన కాలపు నాటకాలతో, కథకళితో పరిచయమూ ఉంది.

అవనీంద్రనాథ్ 1903 ప్రాంతంలో కలకత్తాకు వచ్చిన జపాన్ చిత్రకారుల నుంచి 'వాష్' పద్ధతి మెళకువలు అందుకున్నారు. పల్చటి నీటిరంగు పూయడం, కాగితాన్ని నీళ్ళలో తడపడం, మళ్ళీ పూయడం. ఇలా పొరలు పేరుస్తూ పోతే అంచులు కరిగి మంచులో నిలబడినట్టు మనుషులు తేలుతారు. ధ్యానం, జ్ఞాపకం, కల లాంటి భావాలకు ఆ పద్ధతి బాగా ఒదుగుతుంది. ఆ చేత్తో పట్టుచీర బరువు చూపించమంటే కష్టం. తైలవర్ణం కొలబద్దతో 'భారతమాత'ను చూస్తే ఒంట్లో ఎముకలు లేవనిపిస్తుంది. వాష్ కొలబద్దతో శకుంతలను చూస్తే వేషం కట్టినట్టనిపిస్తుంది. రెండు మాటలూ కొంతవరకు నిజమే. ఆ నిజం చిత్రకారుడి లోపం గురించి కన్నా మాధ్యమం స్వభావం గురించే ఎక్కువ చెబుతుంది. బొమ్మ కింద "కాన్వాస్‌పై తైలవర్ణం", "కాగితంపై నీటిరంగు" అని రాసి ఉండే చీటీని దాటేసి వెళ్ళకూడదు అనడానికి కారణం ఇదే.

## ఆరు అంగాలు, నాలుగు మెట్లు

చూపును క్రమంలో పెట్టడానికి పాత పనిముట్లు ఉన్నాయి. కామసూత్రాలకు యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్యలో ఒక శ్లోకం ఉంది:

రూపభేదాః ప్రమాణాని భావలావణ్యయోజనమ్
సాదృశ్యం వర్ణికాభంగ ఇతి చిత్రం షడంగకమ్

ఒక ఆకారాన్ని ఇంకో ఆకారం నుంచి వేరుగా చూపడం, కొలతలు, భావం, లావణ్యం, పోలిక, రంగులు కలిపి నడిపే నేర్పు. అవనీంద్రనాథ్ 20వ శతాబ్దం మొదట్లో దీన్ని మళ్ళీ చర్చలోకి తెచ్చారు. మొదటి తీర్పు ఎక్కడ ఆగిందో ఈ శ్లోకం చెప్పేస్తుంది. సాదృశ్యం ఆరింటిలో ఒకటి మాత్రమే. రవివర్మను మెచ్చుకున్నవారు దాన్నే మొత్తం అనుకున్నారు. ఎదిరించినవారు భావాన్ని మొత్తం అనుకున్నారు.

పాశ్చాత్య చిత్రకళా బోధనలో ఎడ్మండ్ ఫెల్డ్‌మన్ చెప్పిన నాలుగు మెట్లు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి: ఏముందో వర్ణించడం, ఎలా అమరిందో విశ్లేషించడం, దాని అర్థం వివరించడం, చివరికి విలువ కట్టడం. ఈ క్రమంలో ఉన్న బలం తీర్పును చివరికి నెట్టడం. కళ్ళు పడిన మొదటి రెండు క్షణాల్లోనే ఇష్టం, అయిష్టం పుట్టేస్తాయి. ఆ తర్వాత చూసేదంతా ఆ ఇష్టాన్ని సమర్థించుకోవడానికే చూస్తాం. వర్ణనతో మొదలుపెడితే ఆ తొందరకు కళ్ళెం పడుతుంది. అయితే దీన్ని నాలుగు గడుల ఫారంలా నింపే అలవాటు క్లాసుల్లో వచ్చేసింది. అది మంచిది కాదు. అర్థం తెలిశాక వర్ణన మారుతుంది, వెనక్కి వెళ్ళి మళ్ళీ చూడాలి.

రవివర్మ మరో ప్రసిద్ధ చిత్రం మీద దీన్ని నడిపి చూడవచ్చు. కాలిలో ముల్లు తీసుకునే నెపంతో శకుంతల వెనక్కి తిరిగి చూసే చిత్రమది. కాలికి దర్భ గుచ్చుకుందని ఊరికే ఆగిపోయిందని నాటకం రెండో అంకంలో దుష్యంతుడు విదూషకుడితో చెప్పుకునే ఘట్టం దానికి ఆధారం. ముందు వర్ణన. ఒక యువతి చెలి భుజం మీద చేయి ఆనించి, ఒక కాలు ఎత్తి, మరో చేత్తో పాదాన్ని అందుకుంటూ తల వెనక్కి తిప్పింది. తర్వాత అమరిక. చేయి ఒక దిక్కుకు, తల ఇంకో దిక్కుకు. ఒళ్ళు ముందుకు వెళ్ళాలి, చూపు వెనక్కి లాగుతోంది. ఒంట్లోని ఈ మెలికే బొమ్మకు ప్రాణం. తర్వాత అర్థం. ఆమె చూస్తున్న మనిషి బొమ్మలో లేడు. చట్రం బయట ఉన్నాడు. కథ తెలియనివారికి ఇది ముల్లు తీసుకుంటున్న అమ్మాయి, తెలిసినవారికి ఇది ఒక అబద్ధం. కథలోని కీలకమైన మనిషిని వదిలేసి, అతని ఉనికిని ఒక్క చూపుతో చెప్పడం రవివర్మ పెద్ద నేర్పు. ఇది విలువ కట్టిన మాటే. పైనున్న మూడు మెట్ల మీద నిలబడింది కాబట్టి దానికి బలం ఉంది. ఒప్పుకోనివారు ఏ మెట్టు దగ్గర ఒప్పుకోవడం లేదో చెప్పగలుగుతారు.

## పక్కన ఇంకో బొమ్మ పెడితే

ఒంటరిగా వేలాడే బొమ్మ కన్నా పక్కన ఇంకోటి ఉన్న బొమ్మ ఎక్కువ చెబుతుంది. అమృతా షేర్‌గిల్ 1935లో వేసిన 'ముగ్గురు అమ్మాయిలు' ఇప్పుడు ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా గ్యాలరీలో ఉంది. శకుంతల పక్కన దీన్ని పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. ఇక్కడా ఆడపిల్లలే, తైలవర్ణమే. కానీ వెనక అడవి లేదు, వస్తువులు లేవు. నగల మెరుపు మీద చిత్రకారిణికి ఆసక్తి లేదు. చూపులు కిందికి వాలి ఉన్నాయి, చట్రం బయట ఎవరినీ వెతకడం లేదు. కథ లేదు కాబట్టి ముందేమైంది, తర్వాత ఏమవుతుంది అన్న ఆలోచన రాదు. మిగిలింది ఎదురుచూపు మాత్రమే. పారిస్‌లో చదువుకున్న షేర్‌గిల్‌కు పోలిక రాబట్టడం రాక కాదు. వివరాలను తగ్గిస్తే భావం బరువెక్కుతుందని ఆమె ఎంచుకున్నారు. ఈ చిత్రాన్ని చూశాక రవివర్మ దగ్గరికి తిరిగి వస్తే ఆయన చిత్రాల్లో చూపు ఎంత పని చేస్తోందో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నగలు, పట్టు ఎక్కడ కథకు సాయపడ్డాయో, ఎక్కడ కేవలం కంటిని లాగాయో కూడా తెలుస్తుంది.

## మూడో తీర్పు, అది తెచ్చిన మార్పు

1993లో ఢిల్లీలోని నేషనల్ మ్యూజియంలో రవివర్మ చిత్రాల పెద్ద ప్రదర్శన జరిగింది. దాన్ని రూపొందించినవారు రూపికా చావ్లా, ఎ. రామచంద్రన్. రామచంద్రన్ బెంగాల్ సంప్రదాయానికి కేంద్రమైన శాంతినికేతన్‌లో చదివిన ఆధునిక చిత్రకారుడు. రవివర్మను కాదన్న సంప్రదాయంలో పెరిగిన వ్యక్తే ఆయన్ను మళ్ళీ చూడమనడం చిన్న విషయం కాదు. దీనిమీద వాదోపవాదాలు గట్టిగానే జరిగాయి. అప్పటి నుంచి అడిగే ప్రశ్నలు మారాయి. రవివర్మ గొప్పవారా కాదా అన్నది వెనక్కి వెళ్ళి, ఆయన బొమ్మలు సమాజంలో ఏం పని చేశాయన్నది ముందుకొచ్చింది. గుడిలోకి రానివ్వని కులాలవారి ఇళ్ళలోకి కూడా అచ్చుపటంగా దేవుడు వచ్చాడు. దేవతలకు తెల్లటి ఒళ్ళు, పట్టుచీర, నిండు నగలు అనే రూపం స్థిరపడింది. ఆ రూపం క్యాలెండర్లకు, పౌరాణిక సినిమాలకు పాకింది. భారతీయ సినిమాకు ఆద్యుడైన దాదాసాహెబ్ ఫాల్కే రవివర్మ ప్రెస్‌లో పనిచేసినవారే. దీన్ని మెచ్చుకోవాలా, నల్లటి చర్మాన్ని అందం లెక్కలోంచి తప్పించిందని తప్పుపట్టాలా? ఈ కాలపు విమర్శలో రెండూ ఉన్నాయి, రెండింటికీ చూపించడానికి బొమ్మలున్నాయి.

తెలుగునాట ఈ వాదాల ప్రతిధ్వని 1920ల్లోనే వినిపించింది. మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ అవనీంద్రనాథ్ బాటలోని బెంగాల్ పద్ధతి నేర్పారు, అడివి బాపిరాజు ఆయన శిష్యుడు. రాజమహేంద్రవరానికి చెందిన దామెర్ల రామారావు బొంబాయి జె.జె. చిత్రకళా పాఠశాలలో చదివి వచ్చారు. 1925లో 28 ఏళ్ళు నిండకముందే కన్నుమూసిన దామెర్లను బెంగాల్ శాఖలోనో బొంబాయి శాఖలోనో పడేయడం తేలిక. అలా పడేస్తే ఆయన గీత ఎక్కడ మెత్తబడిందో, ఒంటి బరువు ఎక్కడ నిలిచిందో చూడాల్సిన పని తప్పిపోతుంది.

## రాసేటప్పుడు

నాలుగు పేరాల విమర్శ రాయడానికి పెద్ద పదజాలం అక్కర్లేదు. ప్రతి విశేషణం వెనక "ఎక్కడ?" అని అడిగితే చాలు. "బొమ్మలో విషాదం ఉంది" అని రాస్తే ఎక్కడ? వంగిన మెడలోనా, మసకబారిన రంగులోనా, మనుషుల మధ్య వదిలిన ఖాళీలోనా? జవాబు దొరక్కపోతే ఆ వాక్యాన్ని కొట్టేయాలి. చిత్రకారుడి జీవితం తెలిస్తే మంచిదే, కానీ షేర్‌గిల్ 28 ఏళ్ళకే చనిపోయారు కాబట్టి ఆమె బొమ్మల్లో దుఃఖం ఉందని రాయడం బద్ధకం. బతికి ఉన్న చిత్రకారుల గురించి రాసేటప్పుడు ఇంకో బాధ్యత కూడా ఉంది. వాళ్ళు చేయాలనుకోని పనిని చేయలేదని తప్పుపట్టకూడదు. ఏం చేయబోయారో ముందు గుర్తించి, అది ఎంతవరకు కుదిరిందో చెప్పాలి. మన దగ్గర ప్రదర్శనల మీద వచ్చే రాతల్లో ఎక్కువ భాగం అతిథుల పేర్లు, చిత్రకారుడి అవార్డుల జాబితా. ఒక్క బొమ్మ గురించి ఒక్క పేరా ఉండదు. చిత్రకారులకు ఇది తీరని అన్యాయం.

సాధనకు దూరం వెళ్ళనవసరం లేదు. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు గ్యాలరీ ఉంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో రవివర్మ చిత్రాలతో పాటు యూరప్ తైలవర్ణాలు కూడా ఉన్నాయి కాబట్టి పోల్చి చూడటం అక్కడే కుదురుతుంది. గది మొత్తం చుట్టేయకుండా ఒకే బొమ్మ ముందు పావుగంట నిలబడి, చీటీ చదవకముందు కనిపించినది రాసుకోవాలి. చీటీ చదివాక మళ్ళీ చూసి, మారిన మాటలను పక్కన రాసుకోవాలి. దగ్గరికి వెళ్ళి కుంచె జాడ, దూరం జరిగి కూర్పు, రెండూ చూడాలి. ఇంటికొచ్చాక ఆ కాగితం చూసుకుంటే కంటికి కనిపించినది ఏదో, ముందే తెలిసినది ఏదో విడివిడిగా తెలుస్తాయి.